వైటీ ఫోర్డా, పెడ్రో మార్టినెజా: గెలుపు శాతం ఎవరిది గొప్ప?

బేస్‌బాల్‌లో స్టార్టింగ్ పిచర్ (అంటే మ్యాచ్ మొదలుపెట్టే బౌలర్ లాంటివాడు) పేరు పక్కన గెలుపోటములు రాస్తారు, అది క్రికెట్ చూసి పెరిగిన మనకు మొదట్లో వింతగానే ఉంటుంది, ఎందుకంటే మ్యాచ్ గెలిచాడని ఒక్క బౌలర్ ఖాతాలో మనం ఎప్పుడూ రాయం. మ్యాచ్‌లోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో స్టార్టర్ కనీసం ఐదు వేసి, తన జట్టు ముందంజలో ఉండగా దిగిపోయి, ఆ ఆధిక్యం చివరిదాకా నిలిస్తే గెలుపు అతనిది. తర్వాత వచ్చిన రిలీవర్ దాన్ని పోగొడితే మాత్రం ఎంత బాగా వేసినా ఏమీ రాదు.

ఇప్పుడు అసలు పోటీ. న్యూయార్క్ యాంకీస్ ఎడమచేతి పిచర్ వైటీ ఫోర్డ్ 236 గెలిచి 106 ఓడాడు, అంటే 69.0 శాతం. పెడ్రో మార్టినెజ్ 219 గెలిచి 100 ఓడాడు, 68.7. కాగితం మీద ఫోర్డ్‌దే పైచేయి, అదీ వెంట్రుకవాసిలో.

కానీ వెనకున్న జట్లు చూడాలి కదా! ఫోర్డ్ ఆడిన కాలంలో యాంకీస్ 11 సార్లు తన లీగ్ గెలిచింది, రెండు లీగ్‌ల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌ని 6 సార్లు కొట్టింది. పరుగులు చేసిపెట్టడానికి మికీ మాంటిల్, యోగీ బెర్రా ఉన్నారు. 1953 నుంచి 1964 దాకా లెక్క వేస్తే ఫోర్డ్ 207-83 (గెలుపులు-ఓటములు), సుమారు 71 శాతం. అతని గెలుపోటములు తీసేసి మిగతా పిచర్లవి చూసినా యాంకీస్ 61 శాతం దాకా గెలిచింది. తేడా పది, పదకొండు పాయింట్లు.

అదే లెక్క పెడ్రోకి వేయండి. 1998-2004 మధ్య బోస్టన్ రెడ్ సాక్స్‌లో అతను 117-37, అంటే 76 శాతం, మిగతావాళ్లతో ఆ జట్టు గెలిచింది 53 శాతమే. దాదాపు 23 పాయింట్ల తేడా! అంతకుముందు మాంట్రియల్‌లో నాలుగేళ్లలో 55-33, అక్కడ అతను లేని మ్యాచ్‌లలో జట్టు సగానికి కాస్త పైన ఉంది, అయినా తేడా 12 దాకా వచ్చింది, అంటే ఫోర్డ్ అత్యుత్తమ కాలంలో చూపిన తేడా కంటే ఇదే కాస్త ఎక్కువ. 2000లో పెడ్రో ఇచ్చిన పరుగుల సగటు తొమ్మిది ఇన్నింగ్స్‌కి 1.74, ఆ లీగ్‌లో రెండో స్థానంలో ఉన్న రోజర్ క్లెమెన్స్‌ది 3.70. బ్యాటర్లు చితకబాదుతున్న రోజులవి, లీగ్ సగటే 4.9 దగ్గర ఉంది. అంత చేసినా ఆ ఏడాది అతని లెక్క 18-6 మాత్రమే.

ఫోర్డ్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అతని మేనేజర్ కేసీ స్టెంగెల్ అతన్ని బలమైన జట్ల మీదకి దాచి దాచి వాడేవాడు, 1961లో కొత్త మేనేజర్ రాల్ఫ్ హౌక్ వచ్చి వరుసగా దింపడం మొదలుపెట్టగానే 25-4 చేశాడు. 1965లో యాంకీస్ 77-85తో కుప్పకూలినప్పుడు కూడా అతను 16-13. పైగా పెడ్రో కంటే దాదాపు 340 ఇన్నింగ్స్ ఎక్కువ వేశాడు. అన్ని ఇన్నింగ్స్ వేయడాన్ని విలువగా చూసేవాళ్లు ఫోర్డ్‌నే ఎంచుకుంటే నేను వాదించను.

అయినా గెలుపు శాతంలో పిచర్ వాటా ఎంత, జట్టు వాటా ఎంత అని అడిగితే నా ఓటు పెడ్రోకే, అందులో సందేహం లేదు. జట్టు సాయం లేకపోతే ఆ శాతం ఎంత అన్యాయం చేస్తుందో నోలన్ రైయాన్‌ని చూస్తే తెలుస్తుంది: 1987లో లీగ్‌లోనే అతి తక్కువగా, 2.76 సగటుతో వేసి 8-16తో మిగిలాడు. 2018లో జేకబ్ డిగ్రామ్ 1.70 సగటుతో 10-9, కాకపోతే ఏటా లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఇచ్చేవాళ్లు అప్పటికి గెలుపుల్ని నమ్మడం తగ్గించారు కాబట్టి అతనికి దక్కింది.

2025లో రిటైరైన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ పిచర్ క్లేటన్ కెర్షా 223-96తో 69.9 శాతానికి చేరి వీళ్లిద్దరినీ దాటేశాడు. డాడ్జర్స్ కూడా ఆ ఏళ్లలో బాగా గెలిచే జట్టే కాబట్టి, అతన్ని ఈ వరుసలో ఎక్కడ పెట్టాలన్నా ముందు మిగతా డాడ్జర్స్ పిచర్ల శాతంతో పోల్చి చూడాలి.