దత్తత కోసం శిశుగృహ (దిక్కులేని పిల్లల్ని సాకి దత్తతకిచ్చే సర్కారు కేంద్రం) సర్వీసు: 5కి 4 స్టార్లు

మాది నల్గొండ. పెండ్లయి పదకొండేండ్లు, పిల్లలు కాలే, ఐవీఎఫ్‌కు పెట్టిన పైసలతోని ప్లాటు వచ్చేది. దత్తత తీసుకుందామని అనుకున్నంక ముందుగాల తెలిసినోళ్లని అడిగినం, అదే తప్పు. ఒకాయన హైదరాబాద్‌ల ఏదో ట్రస్టు ఉన్నదని తీస్కపోయిండు. ఏసీ రూము, గోడ నిండ పిల్లల ఫొటోలు, మేడం మస్తు తియ్యగ మాట్లాడింది, నెల రోజులల్ల పాప మీ ఒళ్లె ఉంటది, 4 లక్షలు, సగం ఇప్పుడే కట్టుండ్రి అన్నది. మా ఆయన గుర్తింపు కాయితం సూపిస్తరా మేడం అంటే "మీకు పాప కావాల్నా కాయితం కావాల్నా" అని నవ్వింది. లేచి వచ్చినం.

తర్వాత ఐసీడీఎస్‌ల (అంగన్‌వాడీలు నడిపే శాఖ) పనిచేసే అక్క చెప్పింది, కారా (దత్తతలు చూసే కేంద్ర సర్కారు సంస్థ) సైట్‌ల రిజిస్టర్ కాకుండ ఇట్ల పైసలు తీస్కొని ఎవరిచ్చినా అది దత్తత కాదు, కొనుడే అని. మా దేవరకొండ దిక్కు ఆడపిల్లల్ని అమ్మిన వార్తలు చిన్నప్పటి సంది ఇంటున్నం గని, మనమే కొనేటోళ్లమైతమని ఎవరనుకుంటరు?

ఆన్‌లైన్‌ల ఆధార్, పాన్, పెండ్లి సర్టిఫికెట్, ఆదాయం, మెడికల్ రిపోర్టులు అన్నీ పెట్టినం. హోమ్ స్టడీకి, అంటే ఇంటికొచ్చి మా గురించి తెలుసుకునేటందుకు, 6,000, శిశుగృహోళ్లు రసీదు ఇచ్చిన్రు. ఇంటికొచ్చిన మేడం చాయ్ గూడ తాగలే. అల్మారీలు కాదు, మనుషుల్ని చూసింది. మా అత్తమ్మని పక్కకు కూసోబెట్టి, మనుమరాలు నల్లగుంటే ఏమంటవమ్మా అని అడిగిందంట. "నేనేమన్న తెల్లగున్ననా బిడ్డా" అన్నదంట మా అత్తమ్మ. ఆ రోజే నాకు వీళ్ల మీద నమ్మకం కుదిరింది.

ఇగ ఎదురుసూపు, మూడేండ్లు దాటింది. హోమ్ స్టడీ రిపోర్టు మూడేండ్లే నడుస్తది, మాది మళ్ల చేయించాల్సొచ్చింది. మధ్యల మనసు ఇరిగి ఆ ట్రస్టుకే పోదామా అని నేనే అన్న, సిగ్గు లేకుండ చెప్తున్న. 2024ల హైదరాబాద్ పక్క మేడిపల్లిల పసిపిల్లల్ని అమ్మిన కేసుల, కొన్న పిల్లల్ని పోలీసులు తిరిగి తీస్కపోతుంటే ఆ తల్లులు ఏడ్సుడు టీవీల చూసి నోరు మూసుకున్న.

రిఫరల్ (మీకు ఈ పాప అని సైట్‌ల చూపించుడు) వచ్చినప్పుడు ఫొటో, పాప స్టడీ రిపోర్టు, మెడికల్ రిపోర్టు వస్తయి, 48 గంటలల్ల ఊ అనాలె. మేం రిపోర్టు పట్టుకొని మిర్యాలగూడల తెలిసిన పిల్లల డాక్టరు దగ్గరికి ఉరికినం, మీరు గూడ అట్లనే చేయుండ్రి. పాప లీగల్లీ ఫ్రీ, అంటే చట్టం ప్రకారం దత్తతకు ఇయ్యొచ్చని సీడబ్ల్యూసీ (జిల్లా బాలల సంక్షేమ కమిటీ) ఇచ్చిన ఆర్డర్ గూడ అడిగి సూసినం. కన్నతల్లి అప్పజెప్పిన పాపైతే ఆమె మనసు మార్చుకునేటందుకు 60 రోజులుంటయి, నెల రోజులల్ల పాపనిస్తమన్న ఆ ట్రస్టు మేడం అబద్ధం అప్పుడు అర్థమైంది.

పాప వేరే జిల్లా శిశుగృహల ఉండె. ఆయమ్మ పుస్తకం తీసి, ఏ టైముకు పాలు తాగుతది, ఎటు పక్కకు పండుకుంటే నిద్రపోతది, అన్నీ చదివి ఇనిపించింది, ఆఖరికి ఆమెకే కండ్లల్ల నీళ్లు. 2022 సెప్టెంబర్ సంది దత్తత ఆర్డర్ కోర్టు కాదు, కలెక్టరే ఇస్తున్నరు. రెండేండ్లు ఆర్నెల్లకోసారి ఇంటికొచ్చి పాపని సూసి పోతరు.

స్టార్ కోసింది ఫోన్‌కే. ఎన్నిసార్లు చేసినా ఎత్తరు, ఆఫీసుకే పోవాలె. పొద్దుగాల పోతే మేడం దొరుకుతది, మధ్యాహ్నమైతే ఫీల్డ్‌కు పోతది.