ఎగ్‌హెడ్, బై డాట్ కామ్, డెల్: ఎవరి దారి మేలు?

ఆన్‌లైన్‌లో కంప్యూటర్లు, విడిభాగాలు అమ్మాలనుకునే కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. సరుకు ముందే కొని గోడౌన్‌లో పెట్టుకోవాలా, లేక ఆర్డర్ వచ్చాక డిస్ట్రిబ్యూటర్ చేతే పంపించేస్తే సరిపోతుందా? అమెరికాలో పాతికేళ్ల కిందటే ఈ రెండు దారులూ నడిచి చూసినవాళ్లున్నారు. మూడో దారి పట్టినవాళ్లూ ఉన్నారు. ఎవరి డబ్బుతో వ్యాపారం నడిచిందన్నదే నేను ముందు చూస్తాను. మిగతావన్నీ దాని తర్వాతే.

సరుకు కొని పెట్టుకునే మొదటి దారి ఎగ్‌హెడ్‌ది. అది 1984లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూలో సాఫ్ట్‌వేర్ షాపుగా మొదలైంది. మంచి రోజుల్లో రెండొందలకు పైగా షాపులుండేవి. పోనుపోను కొత్త కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌వేర్ వచ్చేయడం, పెద్ద స్టోర్లు అదే డబ్బాని ఇంకా చవగ్గా ఇవ్వడంతో గిరాకీ పడిపోయింది. 1998 జనవరిలో మిగిలిన 80 షాపులూ మూసేసి పూర్తిగా ఆన్‌లైన్‌కి మారుతున్నామని ప్రకటించింది. ఆ ధైర్యాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటాను. మరుసటి ఏడాది ఆన్‌లైన్ వేలాలు నడిపే ఆన్‌సేల్‌తో కలిసిపోయింది.

షాపుల అద్దెలు తప్పాయి కానీ లాభం రాలేదు. అందరి దగ్గరా దొరికే సరుకే అమ్ముతుంటే మార్జిన్ ఎక్కడ మిగులుతుంది? 2000 డిసెంబరులో హ్యాకర్లు సిస్టంలోకి చొరబడ్డారు. 37 లక్షల దాకా కస్టమర్ల ఖాతాలు ప్రమాదంలో పడ్డాయన్న వార్త వచ్చింది. కార్డు వివరాలు పోయినట్టు ఆధారాల్లేవని కంపెనీ తేల్చి చెప్పేలోపే బ్యాంకులు కార్డులు మార్చడం మొదలుపెట్టాయి. 2001 ఆగస్టులో దివాలా పిటిషన్ వేసింది. చివరికి ఆ పేరునీ వెబ్ అడ్రస్‌నీ అమెజాన్ 61 లక్షల డాలర్లకు తీసుకుంది. హ్యాకింగే ముంచిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. చేతిలో నిలవ డబ్బు ఉన్న కంపెనీ అయితే ఆ దెబ్బకి తట్టుకునేది. ఎగ్‌హెడ్ అప్పటికే సొంత డబ్బు కరిగించుకుంటూ వస్తోంది.

బై డాట్ కామ్ది రెండో దారి. కాలిఫోర్నియాలో స్కాట్ బ్లమ్ పెట్టిన ఈ కంపెనీ సరుకు నిలవ ఉంచుకోకుండా డిస్ట్రిబ్యూటర్ల చేతే పంపించేది. అసలు కంటే తక్కువకైనా అమ్మి, ఆ లోటు ప్రకటనల ఆదాయంతో పూడ్చుకోవాలన్నది ప్లాన్. 1998లోనే అమ్మకాలు 12 కోట్ల డాలర్లు దాటాయి. అమ్మకాలు పెరిగేకొద్దీ పూడ్చాల్సిన లోటూ పెరుగుతుంది కదా! ఆ భారం మోసింది ఇన్వెస్టర్లు.

1999 ఫిబ్రవరిలో జరిగిన సంగతి చూడండి. 588 డాలర్ల హిటాచీ మానిటర్ సైట్‌లో 164.50 డాలర్లకు కనబడింది. జనం ఎగబడి ఆర్డర్లు పెట్టారు. స్టాక్ ఉన్నంతవరకే ఆ ధరకు ఇస్తామని కంపెనీ చెప్పేసరికి కోర్టు కేసయింది. తప్పు ధర పడటం ఎవరికైనా జరుగుతుంది. కానీ ధర ఒక్కటే చూపించి పిలిచిన కస్టమర్ ఆ ధర దగ్గర తేడా వస్తే మన పక్షాన ఎందుకు నిలబడతాడు? 2000 ఫిబ్రవరిలో 13 డాలర్లకు ఐపీఓకి (జనానికి తొలిసారి షేర్లు అమ్మడానికి) వచ్చిన షేరును, మరుసటి ఏడాది బ్లమ్ 17 సెంట్ల చొప్పున కొని కంపెనీని మళ్లీ సొంతం చేసుకున్నాడు. 2010లో జపాన్ కంపెనీ రకుటెన్ దాన్ని 25 కోట్ల డాలర్లకు కొనడం వేరే కథ.

వాల్యూ అమెరికా అనే ఇంకో ఆన్‌లైన్ షాపుదీ ఇలాంటి దారే. 1999లో ఐపీఓ, 2000లో దివాలా. ఆన్‌లైన్‌లో కంప్యూటర్లు అమ్మిన ఔట్‌పోస్ట్ పేరు ప్రకటనలతో మోగినా 2001లో ఫ్రైస్ అనే ఎలక్ట్రానిక్స్ షాపుల సంస్థ చేతికి పోయింది. వీటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

నా ఓటు డెల్‌కే. 1993లో నష్టం చవిచూశాక షాపుల ద్వారా అమ్మడం మానేసి, 1996లో ఇంటర్నెట్‌లో అమ్మకాలు మొదలుపెట్టింది. ఏడాది తిరక్కుండానే రోజుకి పది లక్షల డాలర్ల అమ్మకాలు. అసలు బలం వెబ్‌సైట్‌లో లేదు. ఆర్డర్ వచ్చాకే మెషీన్ బిగించేవాళ్లు. కస్టమర్ డబ్బు కొద్ది రోజుల్లోనే చేతికొచ్చేది, పార్ట్స్ ఇచ్చినవాళ్లకి చెల్లింపు నెల దాటాకే. అంటే కస్టమర్ డబ్బుతోనే వ్యాపారం నడిచేది. పైగా ప్రాసెసర్లు, మెమరీ ధరలు పడిపోతుంటే నిలవ సరుకు తక్కువున్నవాడికే లాభం.

ఈ పద్ధతి మనకి కొత్తేం కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లి అసెంబుల్డ్ పీసీ చేయించుకున్నవాళ్లకి తెలుసు. కావాల్సిన పార్ట్స్ చెబితే కొటేషన్ రాసిస్తారు, అడ్వాన్స్ తీసుకుంటారు, షాపులో లేని ర్యామ్‌నో కార్డునో కుర్రాణ్ణి పంపి పక్క షాపు నుంచి తెప్పిస్తారు. పెట్టుబడి తక్కువున్నవాళ్లు ఇదే పనిని ఆన్‌లైన్‌లో చెయ్యమంటాను.

అయితే దీనికీ ఓ హద్దుంది. ల్యాప్‌టాప్‌ని చేత్తో పట్టుకు చూసి కొనే రోజులొచ్చేసరికి, 2007లో డెల్ కూడా వాల్‌మార్ట్‌లో అమ్మక తప్పలేదు. కాబట్టి సీల్డ్ డబ్బాలో వచ్చే ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల జోలికి పోకండి. గేమింగ్, ఎడిటింగ్ మెషీన్లలాంటి అడిగి చేయించుకునే సరుకు ఎంచుకోండి. డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడేటప్పుడు డిస్కౌంట్ కంటే ముందు, ఎన్ని రోజుల క్రెడిట్ (సరుకు తీసుకున్నాక డబ్బు కట్టడానికి గడువు) ఇస్తారో అడగండి.