చేపల ట్రిప్‌కి ఏ సీజన్ మంచిదో చెప్పేసే నీటి థర్మామీటర్ – నా రివ్యూ

ట్రిప్ ఏ నెలలో పెట్టుకోవాలి అని ఎవరడిగినా నేను నెల పేరు చెప్పను, ముందు నీళ్ళు ఎన్ని డిగ్రీలున్నాయో చూస్కోండి అంటాను. అందుకే ఈ థర్మామీటర్ గురించి రాస్తున్నా. పొడుగాటి వైరు చివర ప్రోబ్ (నీళ్ళలో మునిగి వేడి కొలిచే ముక్క), డిస్‌ప్లే మన చేతిలో, వైరు మీద మీటరు మీటరుకీ గుర్తులు, అంతే. రాడ్డు, రీలు ఎంత మంచివి కొన్నా అవి ట్రిప్ డేట్లు మార్చవు, ఇది మారుస్తుంది.

చేప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీళ్ళని బట్టే ఉంటుంది కదా, ఆకలి, అరుగుదల, ఎర వెంట పరిగెత్తే ఓపిక అన్నీ దాన్ని బట్టే. ట్రౌట్ అనే చల్లనీళ్ళ చేపకి సుమారు 10 నుంచి 16 డిగ్రీలు హాయి. పైక్ అనే చేప అయితే చలికి సరస్సు మీద గడ్డకట్టిన ఐస్ కరిగీ కరగగానే గుడ్లు పెట్టడానికి లోతు తక్కువ చోటికి వచ్చేస్తుంది, లార్జ్‌మౌత్ బాస్ అదే పనికి రావాలంటే నీళ్ళు 15 దాటాలి, కార్ప్‌కి ఇంకాస్త వెచ్చగా కావాలి. అంటే ఒకే చెరువు, ఒకే వారం, ఒక చేపకి సీజన్ ఇంకో చేపకి కాదు, పైగా ఒక ఏడాది వేడి ముందే వస్తుంది ఇంకో ఏడాది ఆలస్యం, క్యాలెండర్ చూసి బుక్ చేస్తే ఎలా కుదురుతుంది చెప్పండి.

అసలు దీని విలువ ఎండాకాలంలో తెలుస్తుంది. లోతైన సరస్సుల్లో పైన వెచ్చటి నీళ్ళు, కింద చల్లటి నీళ్ళు విడివిడిగా పొరల్లా ఉండిపోతాయి. ప్రోబ్ మెల్లగా దించుతూ పోతే ఒక లోతు దగ్గర అంకె గబుక్కున పడిపోతుంది, అదే థర్మోక్లైన్. చాలా చోట్ల దాని కింద ఆక్సిజన్ తగ్గిపోతుంది కాబట్టి చేపలు ఎక్కువగా దానికి కాస్త పైనే ఉంటాయి, ఎర అక్కడ ఆడించాలి.

చలి మొదలయ్యే ముందు రోజులు నాకు అన్నిటికన్నా ఇష్టం, చలికాలం కోసం చేపలు బాగా మేస్తాయి. కానీ పైనా కిందా ఒకే టెంపరేచర్ కనిపిస్తే పొరలు కలిసిపోతున్నాయని అర్థం, అలాంటప్పుడు చేపలు చెల్లాచెదురైపోతాయి, కొన్ని రోజులాగి వెళ్ళడం మంచిది.

ఇంకోటి, దయచేసి ఇది మాత్రం పట్టించుకోండి. 10 డిగ్రీల నీళ్ళలో లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 దగ్గర 7.5 మాత్రమే. నీళ్ళు 20 దాటాక ట్రౌట్‌ని పట్టి వదిలేసినా అది అలసిపోయి తర్వాత చచ్చిపోవచ్చు. ఆ అంకె కనిపించిందంటే నేను గాలం సర్దేస్తాను.

లోపాలున్నాయి. ఎండలో డిస్‌ప్లే సరిగ్గా కనపడదు, చేయి అడ్డం పెట్టుకోవాలి. వైరు తెగ చిక్కు పడుతుంది. పారే నదిలో ప్రోబ్ కొట్టుకుపోతుంది, చిన్న సీసం బరువు కట్టాల్సిందే. ఇక గుడ్లు పెట్టే రోజుల్లో చాలాచోట్ల వేట మీద నిషేధం ఉంటుంది, అది ఇందులో కనిపించదు కాబట్టి అక్కడి రూల్స్ విడిగా కనుక్కోండి. కొన్న వెంటనే నలగ్గొట్టిన ఐస్ నిండా వేసి కొంచెం నీళ్ళు పోసిన గ్లాసులో పెట్టి చూడండి, సున్నాకి దగ్గరగా రాకపోతే మార్పించుకోండి.