డెయిరీతో నేరుగా పాల సరఫరా ఒప్పందం: ఆరేళ్ల వాడకం తర్వాత

నలభై గేదెల షెడ్డు, ఏ కాలంలో చూసినా పాలిచ్చేవి పాతిక దాకా, రెండు పూటలా కలిపి రోజుకు సుమారు 200 లీటర్లు. గుంటూరు జిల్లాలో ఈ పాలు ఊళ్లో పాల సేకరణ కేంద్రానికి కాకుండా ఒక ప్రైవేటు డెయిరీకి నేరుగా పోస్తున్నాం. వంద రూపాయల స్టాంపు కాగితంతో మొదలయ్యే పదకొండు పేజీల ఒప్పందం, రెండేళ్ల గడువు, ఇప్పటికి మూడో విడత. మొదటి విడతలో వాళ్లిచ్చిన కాగితం మీద చదవకుండానే సంతకం పెట్టాం. రెండోసారి కొన్ని షరతులు మార్పించాం, మూడోసారి ఇంకొన్ని. ఇక్కడ రాసేదంతా ఆ షరతులు అమల్లో ఎలా పనిచేశాయన్న దాని గురించే.

ముందుగా చెప్పాల్సింది, రేటు మీద మాకు ఫిర్యాదు లేదు. పక్క కేంద్రాలతో పోలిస్తే ఎప్పుడూ రూపాయి అటూ ఇటూగానే ఉంది. డబ్బు పోయిందంతా కొలత దగ్గర, పరీక్ష దగ్గర, పాలు చేతులు మారే సమయం దగ్గర. ఒప్పందంలో వీటికి దక్కేది ఒకటి రెండు వాక్యాలు. కంపెనీ ప్రతినిధి రేటు చార్టును అరగంట వివరిస్తాడు, కొలత పేరాను మాత్రం చదవకుండానే పేజీ తిప్పేస్తాడు. ఆగి చదవాల్సింది ఆ పేజీనే.

గేదె పాలకు మా వైపు కిలో ఫ్యాట్ లెక్క, అంటే పాలలో ఉన్న వెన్న (ఫ్యాట్) కిలోకు ఇంత అని ధర కడతారు. లెక్క కోసం కిలో ఫ్యాట్ 800 రూపాయలు అనుకుందాం. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. 200 లీటర్లంటే 206 కిలోలు, 6.5 ఫ్యాట్ వస్తే అందులో వెన్న 13.39 కిలోలు. ఇప్పుడు పాలను కాటా మీద కిలోల్లో తూచి, 1.03తో భాగించి లీటర్లు చేసి, ఫ్యాట్ శాతాన్ని ఆ లీటర్ల మీద కట్టారనుకోండి. వెన్న 13 కిలోలే అవుతుంది. తేడా 0.39 కిలో, రోజుకు 312 రూపాయలు, నెలకు 9,360. ఇందులో కాటా తప్పు లేదు, మిషన్ తప్పు లేదు, ఎవరూ దొంగతనంగా ఏదీ చేయలేదు. బిల్లు సాఫ్ట్‌వేర్‌లో ఒక గుణకారం లేదు, అంతే. మొదటి విడత ఒప్పందంలో "పరిమాణం" అన్న మాట ఉంది గానీ కిలోనా లీటరా అని లేదు. ఇప్పుడు మా కాగితంలో ఇలా ఉంది: "పాలు కిలోల్లో తూచబడతాయి, వెన్న బరువు ఆ కిలోల మీదే లెక్కించబడుతుంది, స్లిప్పులో రెండూ చూపబడతాయి." కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలన్నది చట్టంలో ఎలాగూ ఉంది. అయినా ఒప్పందంలో రాయించుకుంటే, ముద్ర గడువు ఎప్పుడు తీరుతుందో అడిగినప్పుడు ఎవరూ మొహం చిట్లించరు.

దశాంశాల సంగతి కూడా ఇలాంటిదే. మిషన్ 6.57 చూపిస్తుంది, చార్టులో 6.5 తర్వాత 6.6. రెండో అంకెను కొట్టేసే పద్ధతిలో సగటున 0.045 శాతం పోతుంది. మా పాలకు అది రోజుకు 74 రూపాయలు, నెలకు 2,200 పైన. 0.05 దాటితే పై అంకె అని రాయించుకుంటే ఈ నష్టం ఉండదు. చెప్పాలంటే ఈ మార్పుకు కంపెనీ ఒక్కరోజులో ఒప్పుకుంది. అడిగేవాళ్లు లేకనే అలా నడిచింది.

ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న, నీళ్లు పోను మిగిలే ఘనపదార్థం) దగ్గర మేం ఎక్కువ కాలం మోసపోయాం, అదీ తెలియక. పాల సాంద్రత చూపే గాజు లాక్టోమీటరుతో కట్టే చోట రెండు సూత్రాలు వాడుకలో ఉన్నాయి. ఒకటి, లాక్టోమీటరు రీడింగును నాలుగుతో భాగించి, ఫ్యాట్‌ను 0.21తో గుణించి కలిపి, 0.36 చేర్చేది. రెండోది, అదే రీడింగులో నాలుగో వంతుకు ఫ్యాట్‌లో 0.25 వంతు, 0.44 కలిపేది. రీడింగు 28, ఫ్యాట్ 6.5 ఉన్న ఒకే పాలకు మొదటి సూత్రంతో 8.72 వస్తుంది, రెండోదానితో 9.06. గేదె పాలకు ఆహార భద్రతా సంస్థ పెట్టిన కనీస ఎస్‌ఎన్‌ఎఫ్ 9.0. అంటే సూత్రం మారితే అవే పాలు ప్రమాణం దాటుతాయి, లేదా కోత పడుతుంది. రెండో సూత్రం 27 డిగ్రీల దగ్గర సరిచేసిన లాక్టోమీటరుది. గాజు మీద ముద్రించిన ఉష్ణోగ్రత ఒకటి, వాడే సూత్రం ఇంకోదానిది అయితే ఏ అంకెనూ నమ్మడానికి లేదు. అందుకని సూత్రం, లాక్టోమీటరు రకం, పాల ఉష్ణోగ్రతకు చేసే సవరణ, మూడూ అనుబంధంలో ఉండాలి.

ఇప్పుడు చాలా చోట్ల ఎనలైజరు, అంటే పాల పరీక్ష మిషన్, నేరుగా రెండు అంకెలూ ఇస్తుంది కాబట్టి ఈ గొడవ లేదనుకుంటారు. గొడవ రూపం మారింది, అంతే. ఎనలైజరులో ఆవు పాలకు, గేదె పాలకు వేర్వేరు ఛానళ్లు ఉంటాయి. ఆవు ఛానల్ మీద గేదె పాలు పెడితే అంకె తప్పు. అప్పుడే పిండిన పాలలో గాలి బుడగలుంటాయి, అల్ట్రాసోనిక్ మిషన్ వాటికి తడబడుతుంది, కాబట్టి నురగ తగ్గేదాకా ఆగాలి. చల్లబడి మీగడ కట్టిన పాలను నేరుగా పెట్టకూడదు. నలభై డిగ్రీల దాకా వెచ్చచేసి, మెల్లగా కలిపి, మళ్లీ చల్లార్చి పెట్టాలి. లోపలి గొట్టం రోజూ కడగకపోతే పేరుకున్న కొవ్వు, పాల గార రీడింగును పక్కకు లాగుతాయి. ఒప్పందంలో మేం పెట్టించిన షరతు ఇది: పదిహేను రోజులకోసారి ఇద్దరి సమక్షంలో గెర్బర్ పరీక్షతో (ఆమ్లంతో వెన్నను విడదీసి కొలిచే పద్ధతి) సరిచూడాలి. అంటే 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 పాలు, 1 అమైల్ ఆల్కహాల్, ఐదు నిమిషాలు సెంట్రిఫ్యూజు, 65 డిగ్రీల నీళ్లలో ఉంచి చదవడం. తేడా 0.1 దాటితే గత పరీక్ష తేదీ నుంచి బిల్లు సవరించాలి. మొదటి ఏడాది ఈ షరతు కాగితం మీదే ఉంది, ఎందుకంటే ఆమ్లం తెచ్చేదెవరో అందులో రాయలేదు. "పరీక్ష ఖర్చు, సామగ్రి కంపెనీవి" అన్న నాలుగు మాటలు చేరాక సక్రమంగా జరుగుతోంది.

శాంపిల్ ఎక్కడ తీస్తారన్నది అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. షెడ్డు గేటు దగ్గర తీసిన శాంపిల్ మన పాలది. ప్లాంటు దగ్గర టాంకరులోంచి తీసింది పది షెడ్ల పాలది. మా పాత కాగితంలో "ప్లాంటు పరీక్షే అంతిమం" అని ఉండేది. ఒక్క మాటలో చెప్పాలంటే, అలాంటి వాక్యం ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి. గేటు దగ్గర క్యానును ప్లంజరుతో పైకీ కిందికీ బాగా కలిపి, కూలరులో పాలైతే ఐదు పది నిమిషాలు తిప్పి, అప్పుడు శాంపిల్ తీయాలి. కలపకుండా అడుగు వాల్వు నుంచి పట్టిన పాలలో ఫ్యాట్ తక్కువే వస్తుంది, మీగడంతా పైనుంటుంది గనక. రెండు సీసాలు సీలు వేసి ఒకటి మా దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర ఉంచుతాం. ఫ్రిజ్‌లోనే పెట్టాలి, గడ్డ కట్టించకూడదు.

దీంతో ముడిపడినదే బాధ్యత షరతు. యాంటీబయాటిక్ అవశేషం దొరికితే "మొత్తం టాంకరు విలువ సరఫరాదారు భరించాలి" అని మొదటి విడతలో ఉంది. మన 200 లీటర్లకు వేల లీటర్ల టాంకరు ఖరీదు కట్టడమన్నమాట. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత జరిమానా రాసినా కోర్టు ఇప్పించేది ఆ మొత్తానికి లోబడి సహేతుకమైన పరిహారమే. కానీ బిల్లులోంచి కోసేసుకున్నాక కోర్టుకు వెళ్లాల్సింది మనం. అందుకే రెండు మాటలు చేర్పించాం: మా గేటు సీసాలో కూడా పాజిటివ్ వస్తేనే బాధ్యత, అదీ మా పది రోజుల బిల్లు దాటకుండా. మన వైపు జాగ్రత్తా ఉండాలి. పొదుగువాపుకు మందు వేసిన గేదె కాలికి ఎర్ర గుడ్డ కట్టి, దాన్ని చివర పిండి, ఆ పాలు వేరుగా పారబోయాలి. ఎన్ని రోజులన్నది మందు పెట్టె మీద ఉంటుంది, దాన్నే పాటించాలి. చాలామంది మర్చిపోయేది, గేదెను వట్టిపోయించేటప్పుడు పొదుగులోకి ఎక్కించే మందు. గేదె అనుకున్న తేదీ కంటే ముందు ఈనితే ఆ అవశేషం ఇంకా ఉంటుంది. జున్నుపాలు ఎలాగూ పోయం కాబట్టి సరిపోతుందనుకోకూడదు.

పులిసిన పాల సంగతి. వేసవిలో చల్లబరచని పాలు మూడు నాలుగు గంటలు నిలవడం కష్టం. బండి ఆలస్యంగా వచ్చి, ప్లాంటులో మరిగిస్తే విరిగితే ఆ నష్టం ఎవరిది? "ప్లాంటులో అంగీకరించేదాకా పాలు సరఫరాదారువే" అన్న వాక్యం ఉంటే మనదే. ఇప్పుడు మా కాగితంలో ఉదయం 6:30 నుంచి 7:15 లోపు బండి రావాలి, పాలు బండెక్కిన క్షణం నుంచి కంపెనీవి. గేటు దగ్గరే పాలు పులిశాయో లేదో చూసే ఆల్కహాల్ పరీక్ష చేసి తీసుకుంటారు, ఆ తర్వాత విరిగితే మాకు సంబంధం లేదు. ఈ ఒక్క మార్పుతో ఎండాకాలం గొడవలు దాదాపు ఆగిపోయాయి. ఆరేళ్లలో మాకు ఎక్కువ ఉపకరించిన షరతు ఇదే.

500 లీటర్ల కూలరు కంపెనీ ఇచ్చింది. 4 డిగ్రీలకు చల్లబరిస్తే లీటరుకు విడిగా చిల్లింగ్ సొమ్ము ఇస్తారు. అయితే కరెంటు మీటరు మా పేరు మీద, డీజిలు మాది, కంప్రెసరు రిపేరు "వినియోగదారు నిర్లక్ష్యం కాకపోతే" వాళ్లది. నిర్లక్ష్యమో కాదో తేల్చేది వాళ్ల మెకానికే. ఈ షరతు మీద ఇప్పటికీ మేం అసంతృప్తిగానే ఉన్నాం. వోల్టేజీ స్టెబిలైజరు సొంతంగా పెట్టుకుని, రోజూ రెండు పూటలా ఉష్ణోగ్రత పుస్తకంలో రాస్తూ నెట్టుకొస్తున్నాం.

పరిమాణం షరతు కాగితం మీద సమానంగా కనిపిస్తుంది: చెప్పినదానిలో 80 శాతం కంటే తగ్గకూడదు, 120 శాతం మించకూడదు. గేదెలు ఎక్కువగా వర్షాకాలం చివర్లో, చలికాలం మొదట్లో ఈనుతాయి. చలికాలంలో పాలు పొంగుతాయి, వేసవిలో పడిపోతాయి. ఏడాదంతా ఒకే అంకె రాస్తే చలికాలంలో 120 దాటినవి పాలపొడికి కొనే తక్కువ రేటుకు పోతాయి, వేసవిలో 80 కంటే తగ్గినందుకు బోనస్ పోతుంది. రెండు వైపులా మనకే దెబ్బ. నెలవారీ పట్టిక అడగండి. ఏ గేదె ఎప్పుడు ఈనుతుందో కట్టించిన తేదీల పుస్తకం చూస్తే ముందే తెలుస్తుంది. గేదె మోసే కాలం సుమారు పది నెలల పది రోజులు కదా. ఇంకోటి, మిల్క్ హాలిడే. పాలు ఎక్కువైనప్పుడు కొనడం ఆపే హక్కు కంపెనీకి ఉందా అన్నది "అనివార్య పరిస్థితులు" అన్న పేరాలో దాక్కుని ఉంటుంది. అందులో వరద, సమ్మె, కరెంటు ఉండొచ్చు గానీ "మార్కెట్‌లో అమ్మకాలు తగ్గడం" ఉండకూడదు. ఉంటే కొట్టేయించండి. ఇంటి వాడకానికి, శుభకార్యాలకు బయట పోసుకునే హక్కు కూడా రాసుకోవాలి, లేకపోతే అన్ని పాలూ వాళ్లకే అన్న షరతు కింద అదీ ఉల్లంఘనే.

రేటు సవరణ మీద మేం సాధించింది తక్కువ. "మార్కెట్ పరిస్థితులను బట్టి కంపెనీ నిర్ణయించును" అన్నది పోలేదు. కాకపోతే ఏడు రోజుల ముందు మెసేజ్ ఇవ్వాలి, గడిచిన రోజులకు వర్తించదు, కిలో ఫ్యాట్ మీద 5 శాతం మించి తగ్గిస్తే పదిహేను రోజుల్లో బయటికి పోవచ్చు. ఆవు పాలు పోసేవాళ్లు ఇక్కడ ఇంకో మాట చూడాలి. ఆవు పాలలో ఫ్యాట్ తక్కువ కాబట్టి కిలో ఫ్యాట్ లెక్క వాటికి అన్యాయం చేస్తుంది. ఫ్యాట్‌కూ ఎస్‌ఎన్‌ఎఫ్‌కూ విడివిడిగా ధర కట్టే పద్ధతిలో సాధారణంగా కిలో ఎస్‌ఎన్‌ఎఫ్‌కు ఫ్యాట్ ధరలో మూడింట రెండు వంతులు ఇస్తారు. ఆవు పాలకు అదే అడగాలి.

చెల్లింపు పది రోజులకోసారి బ్యాంకు ఖాతాకు, ఆలస్యం రెండుసార్లే జరిగింది. ఇందులో కంపెనీని మెచ్చుకోవాలి. చిక్కంతా కోతల్లో: దాణా, మందులు, బీమా, అప్పు వాయిదా. మొత్తం కోతలు బిల్లులో 40 శాతం మించకూడదన్న పరిమితి లేకపోతే, పాలు తగ్గిన నెలలో చేతికి ఏమీ మిగలదు. అప్పు వాయిదాలు పన్నెండు నెలలకూ సమానంగా కట్టించే పద్ధతి పాడికి కుదరదు, గేదె వట్టిపోయి ఉండే నెలలను వదిలి లెక్క వేయించుకోవాలి.

వివాదాల పేరాలో "కంపెనీ నియమించే అధికారి తీర్పు అంతిమం, హైదరాబాద్ కోర్టుల పరిధి" అని ఉండేది. వివాదంలో ఒక పక్షం తానే ఏకపక్షంగా మధ్యవర్తిని నియమించడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. ఈ మాట ఎత్తగానే వాళ్ల లాయరు మార్చేశాడు, పరిధి కూడా గుంటూరుకు వచ్చింది. 2020 నాటి ఒప్పంద వ్యవసాయ చట్టం 2021లో రద్దయింది కాబట్టి దాని కింద సబ్ కలెక్టరు దగ్గరికి పోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. కాగితంలో ఏం రాసుంటే అదే మనకు ఆధారం. అందుకే తెలుగు ప్రతి కూడా సంతకాలతో ఉండాలి, రెండు ప్రతుల మధ్య తేడా వస్తే తెలుగుదే చెల్లుతుందని రాయించాలి.

బయటికి వచ్చేటప్పుడు ఏమవుతుందో లోపలికి వెళ్లేటప్పుడే చూసుకోవాలి. ముప్పై రోజుల నోటీసు ఇద్దరికీ సమానంగా ఉందా, అప్పటిదాకా పోసిన లీటర్లకు ఏడాది బోనస్ దామాషాగా ఇస్తారా, కూలరు డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగొస్తుంది. అన్నిటికీ మించి, మొదట్లో పూచీగా తీసుకున్న ఖాళీ చెక్కులు. మేం ఇచ్చిన రెండింటి నంబర్లు ఒప్పందం చివరి పేజీలో రాయించి, ఆఖరి బిల్లుతో పాటు బాకీ లేదన్న లేఖతో తిరిగివ్వాలని చేర్పించాం.