తేలికపాటి సర్ఫ్ రాడ్: ఎనిమిది అడుగులా, తొమ్మిదా, పదా?

సముద్రం ఒడ్డున నిలబడి, లైన్ చుట్టే స్పిన్నింగ్ రీల్‌తో చేపలు పట్టాలనుకునేవాళ్లు రాడ్ (గాలపు కర్ర) గురించి ముందుగా అడిగేది పొడవే. ఎనిమిది అడుగులు చాలా? పది తీసుకుంటే ఇంకా దూరం పోతుందా? ఈమధ్య పాత రాడ్ మార్చాల్సి వచ్చి, మరీ ఖరీదు పెట్టకుండా దొరికేవాటిలో ఈ మూడు పొడవులనూ పక్కపక్కన పెట్టి చూశాను. చివరికి తొమ్మిది అడుగులది తీసుకున్నాను. నా మట్టుకు విషయం తేల్చింది మాత్రం గ్రాములే.

రాడ్ మీద హ్యాండిల్‌కి కాస్త పైన అది ఎంత బరువు విసరగలదో రాసి ఉంటుంది. 10–30 గ్రాములు, 20–60 గ్రాములు, లేదంటే ఔన్సుల్లో 1–3 అని. ఔన్సంటే 28 గ్రాములు. విసిరేటప్పుడు ఆ బరువే రాడ్‌ని వెనక్కి వంచుతుంది. వంగిన రాడ్ మళ్లీ నిటారుగా లేచే వేగంతో ఎర ముందుకు దూసుకుపోతుంది. బరువు చాలకపోతే కొస మాత్రమే వంగుతుంది, కింది భాగం కర్రలా బిగుసుకుని ఉంటుంది, శ్రమంతా భుజం మీద పడుతుంది. బరువు ఎక్కువైతే కొస తట్టుకోలేక వాలిపోతుంది, దూరం తగ్గుతుంది, బలంగా ఊపితే విరిగినా విరుగుతుంది. 1–3 ఔన్సులకు చేసిన పదడుగుల రాడ్‌తో 20 గ్రాముల ల్యూర్ (కృత్రిమ ఎర) విసరండి. తర్వాత అదే ల్యూర్‌ని 10–30 గ్రాముల తొమ్మిదడుగుల రాడ్‌తో విసరండి. మామూలుగా పొట్టి రాడ్‌తోనే ఎక్కువ దూరం పోతుంది.

కాబట్టి రాడ్ చూడబోయే ముందు మీ తీరం చూడండి. మామూలు రోజున, కెరటాలకూ పక్కకు లాగే ప్రవాహానికీ కదలకుండా ఎరను అడుగున ఆపే సీసపు గుండు కనీసం ఎంత బరువుండాలి? కొన్నిచోట్ల 30 గ్రాములు సరిపోతుంది, కొన్నిచోట్ల 80 పెట్టినా దొర్లుకుంటూ ఒడ్డుకే వస్తుంది. ఆ అంకెకు ఎర బరువు కూడా కలపాలి. చాలామంది ఇది వదిలేస్తారు. 45 గ్రాముల సీసం, 15 గ్రాముల ఎర అంటే రాడ్ విసరాల్సింది 60. 20–60 రాడ్‌కి అదే ఆఖరి హద్దు. హద్దు అంచున రోజంతా విసిరేకన్నా, మీరు ఎక్కువగా వాడే బరువు రాసిన పరిధికి మధ్యలోనో, మధ్యకి కాస్త పైనో పడేలా ఎంచుకోవడం మేలు. గ్రాములూ ఔన్సులూ ఏమీ రాయకుండా ‘మీడియం లైట్’ అని మాత్రమే ఉన్న రాడ్ నేనైతే కొనను. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియంలా ఉండాలని ఎక్కడా లేదు.

ఇక అడుగుల సంగతి. ఎనిమిది అడుగులది చేతికి హాయిగా ఉంటుంది. ప్రశాంతమైన నీళ్లలో ల్యూర్ విసిరి చుట్టుకోవడానికి అంతకంటే అక్కర్లేదు. అయితే ఎర వేసి నిలిపినప్పుడు ముందు విరిగే అలలు లైన్‌ని కొడుతూనే ఉంటాయి, సీసం జరిగిపోతుంది. పదడుగులది ఇక్కడ బాగా పనికొస్తుంది. లైన్‌ని అలల పైకి ఎత్తి పట్టుకుంటుంది, రెండు మూడు ఔన్సులు సులువుగా విసురుతుంది. మీ తీరానికి 60 గ్రాముల పైన సీసం తప్పదంటే ఇంకేమీ ఆలోచించకుండా పదడుగులదే తీసుకోండి. తక్కువ ధరవాటిలో దీని ఇబ్బంది బరువు. ముందు భాగం కిందికి లాగుతుంటే గంట తిరిగేసరికి మణికట్టు నొప్పి మొదలవుతుంది. స్టాండ్‌లో పెట్టి కూర్చునేవాళ్లకు ఈ బాధ లేదు.

పైగా చేపలన్నీ దూరంగా ఉంటాయన్నది నిజం కాదు. ఒడ్డుకీ మొదటి ఇసుక మేటకీ మధ్య ఉండే పల్లంలో చిన్న, మధ్యరకం చేపలు మేతకు తిరుగుతుంటాయి. చాలా తీరాల్లో అక్కడికి చేరడానికి 30–40 మీటర్లు చాలు. తేలికపాటి సామానుతో ఆడే వేటంతా అక్కడే కాబట్టి 20–60 గ్రాముల తొమ్మిదడుగుల రాడ్ వైపు నేను మొగ్గాను. ఎరకూ పనికొస్తుంది, ల్యూర్‌కూ పనికొస్తుంది, మధ్యరకం (3000 లేదా 4000 సైజు) రీల్‌తో చేతిలో సరిగ్గా తూగుతుంది.

కార్బనా, ఫైబర్‌గ్లాసా అన్నది తర్వాతి మాట. కార్బన్ తేలిక, విసిరాక కొస త్వరగా నిలబడుతుంది, చిన్న కొరుకు కూడా చేతికి తెలుస్తుంది. కానీ రాయికి తగిలి గీత పడితే ఆ చోటే ఎప్పుడో టప్పున విరుగుతుంది. పూర్తి ఫైబర్‌గ్లాస్ మొండిది, కాకపోతే బరువు, కదలిక నిదానం. తక్కువ ధరలో నాకు నచ్చేది రెండూ కలిపి చేసిన రాడ్. అగ్లీ స్టిక్ అనే బ్రాండ్ పేరు తెచ్చుకున్నది ఈ మిశ్రమంతోనే. రోజంతా ల్యూర్ విసిరేవాళ్లు మాత్రం కార్బన్‌కే వెళ్లాలి, ఆ తేడా భుజానికి తెలుస్తుంది. ‘30 టన్’, ‘40 టన్’ అని రాసి ఉంటే బలం అనుకోకండి. ఆ అంకె చెప్పేది కార్బన్ ఎంత బిగువో. బిగువు పెరిగేకొద్దీ దెబ్బకు తట్టుకునే గుణం తగ్గుతుంది.

తక్కువ ధర రాడ్‌లలో ముందుగా పాడయ్యేవి గైడ్‌లు, అంటే రాడ్ పొడవునా లైన్ దూరి వెళ్లే రింగులు. ఉప్పునీళ్లకు వాటి ఫ్రేమ్ తుప్పు పడుతుంది, లోపలి రింగు ఊడుతుంది లేదా పగులుతుంది. పగుళ్ల మీదుగా వెళ్లిన బ్రెయిడ్ (పోగులు అల్లి చేసిన లైన్) ఎందుకు తెగిందో అర్థం కాక కొత్త స్పూల్ కొంటారు. స్టెయిన్‌లెస్ ఫ్రేమ్, అల్యూమినియం ఆక్సైడ్ రింగు ఉంటే చాలు. వేట అయ్యాక మంచినీళ్లతో కడగండి. కొనేముందు కొంచెం దూది తీసుకుని ప్రతి రింగులోనూ తిప్పండి, ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టే. మొదటి గైడ్ పెద్దదిగా, రాడ్ నుంచి ఎత్తుగా ఉండాలి. స్పిన్నింగ్ రీల్ నుంచి లైన్ చుట్టలు చుట్టలుగా వస్తుంది కాబట్టి చిన్న రింగుకు కొట్టుకుని దూరం తగ్గుతుంది.

టెలిస్కోపిక్ రాడ్‌లు బ్యాగులో పడతాయి, అంతవరకే. కీళ్లలో ఇసుక దూరితే ముడుచుకోవు, ఒక్కోసారి తెరుచుకోవు. నాలుగు ముక్కల ట్రావెల్ రాడ్ వాటికంటే నయం, విమానంలో వెళ్లేవాళ్లకు సరే. మిగతావాళ్లకు రెండు ముక్కలదే తేలిక.

లైన్ విషయంలో ఒక జాగ్రత్త. రాడ్ మీద లైన్ బలం 8–17 పౌండ్లని ఉంటే అందులో 15 పౌండ్ల బ్రెయిడ్ వేసుకోవచ్చు. కానీ బ్రెయిడ్ సాగదు కాబట్టి చేప లాగిన లాగుడంతా నేరుగా రాడ్ మీదే పడుతుంది. డ్రాగ్ (చేప లాగితే రీల్ నుంచి లైన్ జారనిచ్చే పట్టు) బిగించేసి, ఒడ్డుకు వచ్చిన చేపను రాడ్ నిటారుగా ఎత్తి లేపబోతే కొస దగ్గర విరుగుతుంది. రాడ్ వాల్చి, వచ్చే అలతోపాటు చేపను ఇసుక మీదికి జారనివ్వండి.

పొడవు ఏదైనా, రీల్ బిగించే చోటు నుంచి రాడ్ కింది చివర దాకా ఎంతుందో చేత్తో పట్టుకుని చూడండి. పొట్టి చేతులవాళ్లకు అది మరీ పొడుగైతే విసిరినప్పుడల్లా చంకలో తగులుకుంటుంది. ల్యూర్ వేటలో అది పెద్ద చికాకు. రెండు రాడ్‌లు గ్రాముల్లో సమానంగా ఉంటే, హ్యాండిల్ మీ చేతికి సరిపోయేదాన్నే తీసుకోండి.