అల్ట్రాసోనిక్ డిఫ్యూజరా, రీడ్ పుల్లల సీసానా?

ఇల్లంతా లావెండర్ వాసన రావాలి, సరే. దేనితో? నీళ్లలో సువాసన నూనె చుక్కలు వేస్తే మంచులా చిమ్మే మెషిన్‌తోనా (అదే అల్ట్రాసోనిక్ డిఫ్యూజర్), సువాసన నూనె సీసాలో సన్నటి పుల్లలు గుచ్చి పెట్టేదానితోనా?

ఖర్చు: మెషిన్‌కి మొదట్లో ఎక్కువ. తర్వాత 100 మిల్లీలీటర్ల నీళ్లకి మూడు నుంచి ఐదు చుక్కల నూనె చాలు. పుల్లల సీసా చవకే కానీ కొన్ని వారాల్లో ఖాళీ అవుతుంది.

శ్రమ: అసలు తేడా ఇక్కడే. మెషిన్ అడుగున ఉండే చిన్న బిళ్ల అతివేగంగా కంపిస్తూ నీళ్లను సన్నటి మంచులా పైకి చిమ్ముతుంది. దాని మీద నూనె జిడ్డు పేరుకుంటే మంచు తగ్గిపోతుంది. ఉప్పు నీళ్లయితే తెల్లటి పొర కూడా. మిగిలిన నీళ్లు పారబోసి తుడవాల్సిందే. బద్ధకిస్తే లావెండర్ కాదు, మురుగు వాసన (నా అనుభవమే). పుల్లలు నూనెను వాటంతటవే పీల్చుకుంటాయి, అప్పుడప్పుడు తిరగేస్తే సరి.

అదుపు: మెషిన్ అరగంట నడిపి ఆపేయొచ్చు. పుల్లలు మీకు తలనొప్పి వచ్చినా ఆగవు.

రిస్క్: సీసా ఒలికితే టేబుల్ పాలిష్ పోతుంది. పసిపిల్లలు తాగితే మరీ ప్రమాదం. యూకలిప్టస్ నూనె కొంచెం మింగినా ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇంట్లో పిల్లి గానీ, ఆస్తమా ఉన్నవాళ్లు గానీ ఉంటే నేనైతే రెండూ వద్దంటాను. టీ ట్రీ నూనె పిల్లులకు విషం.

పొడి గాలి ఉన్న పడకగదికి, పడుకునే ముందు కాసేపటికి మెషిన్. బాత్‌రూమ్‌కి, గుమ్మం దగ్గరికి, ముఖ్యంగా కడిగే ఓపిక లేనివాళ్లకి పుల్లలు.