ఐదేళ్ల వాడకం తర్వాత నా టెలిస్కోపు: అద్దం కన్నా పీట ముఖ్యం

నా దగ్గరున్నది ఆరంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ టెలిస్కోపు, అంటే గొట్టాన్ని చెక్క పీట మీద ఉంచి చేత్తో తిప్పుకునే రకం. అద్దం గురించీ కటకాల గురించీ అందరూ రాస్తూనే ఉన్నారు, వాటిని వదిలేస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది దాని చెక్క పీట గురించి.

ఈ పీటకు రూపమిచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత సొసైటీ మఠంలో సన్యాసిగా గడిపినవారు. ఒక చెక్కపెట్టె, దాని అడుగున ఒక పలక, మధ్యలో సన్‌మైకా లాంటి రేకు, కొన్ని టెఫ్లాన్ ముక్కలు, అంతే. మోటారు లేదు. వేలితో తోస్తే కదలాలి, వేలు తీస్తే ఆగాలి. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి 120 రెట్లు పెద్దది చేసి చూసేటప్పుడు గురుగ్రహం ఒక అంచు నుంచి మరో అంచుకు రెండు నిమిషాలలోపే జారిపోతుంది. నిమిషానికోసారి వెంట్రుకవాసి తోస్తూ ఉండాలి. పీట కాస్త మొరాయించినా గ్రహం చేజారినట్టే.

2020 నవంబరులో కొన్నాను. ఆ డిసెంబరు 21 సాయంత్రం గురుడూ శనీ డిగ్రీలో పదో వంతు దూరానికి వచ్చినప్పుడు, విజయవాడ సింగ్‌నగర్‌లోని మా డాబా మీద ఇరుగుపొరుగు వరుసకట్టి రెండింటినీ ఒకే చూపులో చూశారు. ఆ ఊపులో కనిపించిన ప్రతివారికీ ఇదే కొనమని, మోటారు అవసరమే లేదని చెప్పాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చింది. గొట్టం పై అంతస్తులో ఉంది గానీ, బరువని పీటను మెట్ల కిందే ఉంచేదాన్ని. పక్కవాళ్ల మంచాలు, ఫ్రిజ్‌లు, పిల్లల సర్టిఫికెట్లు నీళ్లలో నానుతుంటే నా పీట సంగతి ఎవరితోనూ అనలేదు. నీరు తీశాక చూస్తే అడుగు పలక అట్టలా ఉబ్బి, అంచులు విచ్చుకున్నాయి. ఎండబెట్టి బిగించాను. తోస్తే కదలదు, గట్టిగా తోస్తే ఒక్క ఉదుటున జారుతుంది. అక్టోబరంతా గురుడిని వెతకడంతోనే సరిపోయింది.

చివరికి వీధి చివరి వడ్రంగి మేస్త్రి గారికి చూపించాను. "ఇది చెక్క కాదమ్మా, జిగురు పోసి అదిమిన రంపపు పొట్టు. నీళ్లు తాగితే ఇంతే" అన్నారు. పాత కొలతలతోనే, నీటికి తట్టుకునే ప్లైవుడ్‌తో కొత్తది చేశారు. పైన అద్దంలా మెరిసే సన్‌మైకా వేశారు. చూడముచ్చటగా ఉంది, కానీ టెఫ్లాన్ ముక్కలు దానికి అతుక్కుపోయినట్టు బిగుసుకున్నాయి. ఆయన కాసేపు చేత్తో తిప్పి చూసి, ఎవరి వంటింటి అల్మారాలకో వాడగా మిగిలిన గరుకు రేకు ముక్క తెచ్చారు. గరుకుది ఎలా జారుతుందని నాకు అనుమానం. తీరా వేశాక చిటికెనవేలికే కదిలింది, తీయగానే ఆగింది. ముక్కలు ఆ సన్నటి బొడిపెల కొసల మీద మాత్రమే ఆనుతాయి కాబట్టి అతుక్కునే చోటే తక్కువ. కొత్తలో వచ్చిన పీట కూడా ఇంత హాయిగా తిరగలేదు.

ఆ హాయి విలువ 2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి తెలిసింది. గురుడి ఉపగ్రహాల్లో ఒకటైన అయో ఆ గ్రహం వెనక్కి వెళ్లింది. మళ్లీ బయటికి వచ్చేటప్పుడు గ్రహపు నీడలోంచి రావాలి కాబట్టి అంచు దగ్గర కాకుండా కాస్త ఎడంగా కనిపించాలి. కన్ను ఆనించి, వేలితో తోస్తూ ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ఏమీ లేని నల్లటి చోట సన్నటి చుక్క మొలిచి, మూడు నాలుగు నిమిషాల్లో పూర్తి వెలుగుకు వచ్చింది. ఆ వెలుగు అక్కడ బయలుదేరి దాదాపు 40 నిమిషాలైంది. అయో గ్రహణాల వేళలు ముందుకీ వెనక్కీ జరగడం గమనించే 1676లో డెన్మార్క్ ఖగోళ శాస్త్రజ్ఞుడు రోమర్ కాంతి ప్రయాణానికి సమయం పడుతుందని చెప్పగలిగాడు. అది చదివి తెలుసుకోవడం వేరు, ఆ చుక్క వెలగడం కళ్లారా చూడడం వేరు. నాకు కన్నీళ్లు వచ్చాయి.

అయినా, మోటారు అవసరమే లేదని ఇంతకుముందు చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పను. మన విజయవాడ పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఈ రెండు మూడేళ్లుగా గురుడు ఉత్తరంగా ఉండటంతో ఇక్కడ దాదాపు నడినెత్తికే వస్తున్నాడు. గొట్టం నిటారుగా నిలబడితే పక్కకు తోయడానికి పట్టు దొరకదు. ఎంత మంచి పీటైనా అక్కడ ఇబ్బందే. గ్రహం పడమటికి ఒరిగేదాకా నేను ఆగుతాను, పొద్దున్నే పనికి వెళ్లాల్సినవాళ్లు ఆగలేరు.

శని విషయంలోనూ ఒక మాట. నా మాట విని 2025లో కొన్న మా మేనకోడలు ఆ వలయాలు చూసి చిన్నబోయింది. సుమారు పదిహేనేళ్లకోసారి అవి మనకు అంచువైపుగా తిరుగుతాయి. ఆ ఏడాది మార్చి 23న అదే జరిగింది, సంవత్సరాంతం దాకా గీతలాగే కనిపించాయి. నేను ముందే చెప్పాల్సింది. వలయాల కాంతి తగ్గినందువల్ల పక్కనున్న ఉపగ్రహాలు టైటన్, రియా తేటగా కనిపించాయని చూపించాక కాస్త తేరుకుంది.

నాకు సొంత డాబా ఉంది, తీరిక ఉంది, ఓపికగల మేస్త్రి గారు దొరికారు. మే నెలలో కాంక్రీటు వేడికి అర్ధరాత్రి దాకా గ్రహాలు నీళ్లలోని బొమ్మల్లా వణుకుతుంటే తెల్లవారుజామున లేచి చూస్తాను. ఇవి కుదిరేవాళ్లకు ఇది సరిపోతుంది. అపార్టుమెంటు బాల్కనీలో అయితే నేను కొనమనను. కొన్నవాళ్లు మాత్రం పీటను మెట్ల కింద పెట్టకండి.